మాట్లాడినవాళ్ళ పేర్లు

నాలుగో తరగతికి లీడర్‌ని పెట్టడానికి ఏం కావాలి, గట్టి గొంతున్న పిల్లను చూసి బ్యాడ్జి తగిలిస్తే సరిపోదూ అనుకునేదాన్ని. పదిహేనేళ్ళ నుంచి టీచర్ని మరి, నాకు తెలియనిదేముంది!

ఆ యేడు మిరపకోతల ముందు అలాంటి గొంతే దొరికింది. ఆ పిల్ల తల్లి కోతలకు మేస్త్రి. ముప్పైమంది ఆడవాళ్ళను పొద్దున్నే ఆటోల్లో ఎక్కించి చేలకు తోలుకెళ్ళే మనిషి. కూతురికి ఆ గొంతులో సగమే వచ్చింది. మా గదికి ఆ సగమే ఎక్కువ. బ్యాడ్జి పెట్టిన రోజు యూనిఫాం విప్పితే పదవి పోతుందని, దాంతోనే పడుకుందట.

"లీడర్ పని ఒక్కటే. నేను లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. ఒకసారి మాట్లాడితే పేరు, మళ్ళీ మాట్లాడితే పక్కన ఇంటూ" అని చెప్పాను. నా చిన్నప్పుడూ ఇదే రాజ్యాంగం. నా పేరు పక్కన ఇంటూలకు బోర్డు చాలేది కాదు, అది వేరే సంగతి.

కోతలు మొదలయ్యాక కర్నూలు వైపు నుంచి వలసొచ్చిన వాళ్ళ పిల్ల ఒకతె మా తరగతిలో చేరింది. మొదటిరోజు గుమ్మంలో నిలబడి "యాడ కూకోవాల టీచర్?" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవేళ మూసిన నోరు మూడు వారాలైనా తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. బతిమాలాను, బిస్కెట్లిచ్చాను, కసిరాను కూడా. అబ్బే! కోతలైపోతే వెళ్ళిపోయే పిల్ల. మా బడి నుంచి ఇలా మూగదానిలాగే వెళ్ళిపోతుందేమోనని గుబులుగా ఉండేది నాకు.

ఇంతలో లీడరమ్మ నన్నడక్కుండానే ఆ పిల్లను తీసుకెళ్ళి, పేరుమోసిన ఇద్దరు వాగుడుకాయల మధ్య కూర్చోబెట్టింది.

"ఏమే, సీట్లు మార్చమని ఎవరు చెప్పారు?"

"కొత్తమనిషిని ఇద్దరు పాతోళ్ళ మధ్య సాల్లో పెట్టాలండీ. అప్పుడే పని అలవాటవుద్ది. మా అమ్మ అట్టాగే పెడతది."

"ఇదేమన్నా మిరపచేనా?" అన్నాను. అన్నానే గానీ, మళ్ళీ సీట్లు మార్చే ఓపిక లేక వదిలేశాను.

వారం తర్వాత అనుకుంటాను, మధ్యాహ్న భోజనం ఫోటో ఫోన్లో ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కుంటూ గేటు దాకా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గది సంతలా ఉంది. బోర్డు మీద మాత్రం ఒకే ఒక్క పేరు, ఇంతింత అక్షరాలతో. ఆ కొత్తపిల్లది.

నాకు తిక్కరేగింది.

"సిగ్గులేదటే? గదంతా గోల చేస్తుంటే నోరులేని పిల్లే దొరికిందా నీకు? ఇటివ్వు బ్యాడ్జి!"

పిన్నీసు నేనే ఊడదీశాను. లీడర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాట్లాడితే రాయమని మీరే చెప్పారు గదండీ..." అని గొణిగింది. ఆ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు.

"పైగా అబద్ధాలు కూడానా!"

రెండో వరసలో, ఆ ఇద్దరు వాగుడుకాయల మధ్య నుంచి కొత్తపిల్ల లేచి నిలబడింది.

"మాట్లాడినా టీచర్. నేను నిజంగానే మాట్లాడినా. లీడర్‌ను తిట్టొద్దు."

ఈసారి ఒక్కరూ నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్లయింది. ఊడదీసిన బ్యాడ్జి ఇంకా నా చేతిలోనే ఉంది.

లీడర్ ముంజేత్తో ముక్కు తుడుచుకుని సుద్దముక్క అందుకుంది.

"టీచర్, మళ్ళీ మాట్లాడింది. ఇంటూ పెట్టమంటారా?"

"పెట్టవే తల్లీ" అన్నాను.