జవాబు రెడ్డి

రాళ్ళవంకలో ఉమామహేశ్వర రెడ్డి ఇల్లెక్కడ అని అడిగితే జనం కాస్త ఆలోచిస్తారు. జవాబు రెడ్డి ఇల్లు అంటే చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. ఏడాదికొకసారి, దేవర అనే ఊరి జాతర చేసే రోజున, ఊరంతా వింటుండగా ఆయన ఒక హత్యను ఒప్పుకుంటాడు. ఆ హత్య ఆయన చేసింది కాదు. ఆయన తాత పుట్టకముందు జరిగింది.

బేతంచెర్ల బండల లారీలు తిరిగే దారిలో ఉందా ఊరు. ఊరి దేవత చెలమమ్మ. మొన్నమొన్నటిదాకా ఆమె గుడి అంటే నిలబెట్టిన నాపరాళ్ళ మీద ఇంకొక నాపరాయి కప్పిన గూడు. లోపల ఉలి తగలని ఒక రాయి. దానికి కళ్ళూ ముక్కూ లేవు.

ఊళ్ళో చెప్పుకునే కథ ఇది. ఒక కరువు కాలంలో, నేతపని చేసే తొగటవాళ్ళ పిల్ల వంక ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు పట్టింది. పెద్దింటి రెడ్లు తమ ఎద్దులకు ఆ చెలమ కావాలన్నారు. పిల్ల కడవ పట్టుకుని అక్కడే కూర్చుంది, లేవలేదు. వాళ్ళు ఆమెను గుంతలోకి తోసి ఇసుక కప్పారు. ఆ తర్వాత ఊరికి కలరా వచ్చింది. పూనకం వచ్చిన ఒకామె నోట చచ్చిపోయిన పిల్ల మాట్లాడిందట. నాకు గుడి వద్దు, పొట్టేళ్ళు వద్దు, ఏటా మా వాళ్ళు నా గురించి అడగాలి, మీరు చెప్పాలి అన్నదట.

పూనకంలో మాట్లాడింది దేవతో, బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లో తేల్చే పని పెట్టుకోనక్కర్లేదు. కలరాకు భయపడి రెడ్లు ఒప్పుకున్నారు. కలరా పోయింది గాని, అప్పటికే ఊరికి వినడం అలవాటైంది. పల్లె న్యాయం ఎంత గొప్పదో చూడండి అని మురిసిపోయేవాళ్ళు కొందరుంటారు. ఒక ప్రాణానికి ఏడాదికొక మాట, ఇదేం న్యాయం? అయితే ఆ మాట కూడా పుట్టని ఊళ్ళే ఎక్కువ.

తంతు చిన్నది. తొగట ఇంటి పెద్దామె తన మగ్గం మీద నేసిన నూలుచీర చంకలో పెట్టుకుని గుడి ముందుకు వస్తుంది. "మా పిల్ల యాడప్పా?" అని అడుగుతుంది. పెద్దింటి మనిషి జవాబు చెప్పాలి: "మా ఇంటోళ్ళు సంపినారు. చెలమలో పూడ్సినారు. దాపెట్టేదేం లేదు." అప్పుడామె చీరను అతని నెత్తిన పెడుతుంది. అతను మోసుకెళ్ళి రాయికి కట్టిస్తాడు. జవాబు రాకపోతే చీర లేదు.

పెద్దింట్లో ఒకాయన సర్పంచి అయ్యాక ఈ పని నామోషీ అనిపించి, చితికిపోయిన చిన్న తమ్ముడి ఇంటికి వదిలేశాడు. అలా అది ఉమామహేశ్వర రెడ్డి తండ్రికి, తర్వాత ఆయనకు వచ్చింది. ఆయన టమాటా పండించి పత్తికొండ మార్కెట్టుకు తోలుతాడు. మోకాళ్ళ నొప్పి, ముక్కు మీద కోపం, గడ్డం గీసుకోవడానికి బద్ధకం. భార్య రాజేశ్వరి దేవర రోజు మాత్రం పట్టుబట్టి గీయిస్తుంది. "అంత మంది ముందర తప్పు ఒప్పుకునేటప్పుడన్నా మనిషి మాదిరి కనబడు" అంటుంది.

మార్కెట్లో కూడా ఆ పేరు వదల్లేదు. "ఏం జవాబు రెడ్డీ, మీ పెద్దోళ్ళు చేసింది ఒప్పుకుంటావు. పుచ్చిన కాయలు బుట్ట అడుగున పెట్టినావని ఒప్పుకోవేం?" అంటారు.

"దానికి ఇంకో రెడ్డిని పెట్టుకోండప్పా" అంటాడు ఈయన.

నిరుడు పెద్దింటి వీరేంద్ర గుడి కట్టించాడు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న మనిషి, ఉమామహేశ్వర రెడ్డికి వరసకు తమ్ముడు. రాయిని కదిలించకుండా చుట్టూ గోడలు లేపి, అద్దంలా మెరిసే బండలు పరిచి, ఇనుప గేటు పెట్టి, నంద్యాల వైపు నుంచి ఒక పూజారిని తెచ్చాడు. దేవర దగ్గరపడగానే అన్నను పిలిపించాడు.

"అన్నా, ఇంగెన్నాళ్ళు చెప్తావు ఆ మాట? బయటూళ్ళోళ్ళు వస్తాండారు. మనింటి కోడళ్ళు, పిల్లోళ్ళు వింటాండారు."

"ఏం చెప్పమంటావు?"

"జ్యోతిలో కలిసిపాయె అని చెప్పు. బండ మీద అట్లనే చెక్కిస్తాండా. మంచి మాటే కదా."

ఇక్కడ ఉమామహేశ్వర రెడ్డి ఎదురు తిరిగాడని రాయగలిగితే బాగుండును. ఆయన సరేనన్నాడు. పైగా ప్రాణం తేలికపడింది. కిందటేడు మనవరాలు "అబ్బా, మనం సంపిన పిల్ల ఎంతుండె?" అని అడిగితే అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. తమ్ముడు చూపించిన దారి ఆయనకు నిజంగానే మంచిదనిపించింది.

ముందుగా చెప్పకపోతే బాగుండదని, ఏటా చీర తెచ్చి అడిగే పెద్దామె హనుమమ్మ ఇంటికి పోయాడు. తొగట వీధిలో మగ్గాలన్నీ మూలపడ్డాయి. మగవాళ్ళు ఫ్యాక్టరీలో బండలు రుద్దుతున్నారు. హనుమమ్మ ఒక్కతే ఏడాదికొక చీర కోసం గుంతమగ్గం ఉంచుకుంది.

"హనుమక్కా, ఈ యేడు జవాబు మారుతాది."

ఆమె నేత ఆపలేదు. "ఏమని?"

చెప్పాడు.

"జ్యోతిలోనా. అయితే ఇసకలో గాదు."

"వీరేంద్ర పట్టుచీర గూడా తెప్పిస్తాండాడు."

"కట్టుకోనీలే పాపం, ఆయమ్మ బతికినన్నాళ్ళు పట్టు చూసిందా ఏమన్నా." ఆమె తెగిన పోగొకటి ముడేసింది. "నేను శానా కాలం ఉండను రెడ్డీ. నా ఎనక అడిగేటోళ్ళు లేరు. వీరేంద్ర చెక్కించే బండ ఉంటాది. రేపు మా పిల్లోళ్ళు గూడా అదే సదువుకుంటారు. చెప్పుకో. నేనైతే అడిగేదే అడుగుతా."

దేవర రోజున అడిగింది. ఉమామహేశ్వర రెడ్డి జ్యోతి మాట చెప్పాడు. హనుమమ్మ చీర ఇవ్వలేదు. మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన గొంతు ఇంకా తగ్గింది గాని మాట మారలేదు. ఆమె చీరను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, నున్నటి బండల మీద కాలు జారకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళిపోయింది. వీరేంద్ర చెయ్యి ఊపాడు. బ్యాండు మొదలైంది. పూజారి రాయికి పట్టుచీర చుట్టాడు.

తర్వాత ఏమీ జరగలేదు. వానలు బాగా పడ్డాయి. టమాటా బాగా పండింది. ఊళ్ళో ఒక్కరికీ జ్వరం రాలేదు. అమ్మవారు కన్నెర్ర చేస్తుందని ఎదురుచూసినవాళ్ళు నిరాశపడ్డారు. ఉమామహేశ్వర రెడ్డీ ఎదురుచూశాడు. అమ్మవారు ఏదో ఒకటి చేసి ఉంటే లెక్క సరిపోయేది. అది ఆయనకూ ఆమెకూ మధ్య వ్యవహారం అయ్యేది.

మారింది మనుషులు. మార్కెట్లో పుచ్చిన కాయల మాట ఎత్తేవాళ్ళు లేరు. తొగట వీధిలో ఆయన మోపెడ్ కనబడితే అరుగుల మీది మాటలు ఆగిపోయేవి. ఎవరూ తిట్టలేదు. "రాండి రెడ్డీ" అని మర్యాదగా లేచి నిలబడేవారు, వీరేంద్రకు నిలబడినట్టే. అంతకుముందు ఆ వీధిలో ఆయన కోసం ఎవరూ లేచేవారు కాదు.

ఒకరోజు పొద్దున్నే హనుమమ్మ గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు. "అక్కా, ఇప్పుడు చెప్తా ఇను" అన్నాడు.

"నాకా? నాకు తెలీకనా ఇన్నేండ్లు అడిగింది?"

"మరేం చెయ్యమంటావు?"

"ఆ మాట యాడ జెప్తివి? ఊరి ముందర. ఈ మాట మా వాకిట్లోనా?" ఆమె పెట్టెలోంచి చీర తీసింది. "పా."

గుడికి ఎదురుగానే బస్సు ఆగే చోటు. ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు, బడిపిల్లలు, ఆసుపత్రికి బయల్దేరిన ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. డప్పుల్లేవు, పసుపునీళ్ళు లేవు. ఉమామహేశ్వర రెడ్డి గడ్డం గీసుకోలేదు. మూసి ఉన్న గేటు ముందు నిలబడి హనుమమ్మ అడిగింది.

"మా పిల్ల యాడప్పా?"

ఆయన చెప్పాడు. అదే సమయానికి బస్సు వచ్చి ఆగింది.

"సరిగ్గా ఇనపడ్లేదు రెడ్డీ. బస్సు సద్దు" అన్నాడు జనంలోంచి ఒకడు. వెటకారమో, నిజమో తెలియలేదు.

డ్రైవరు ఇంజను ఆపాడు. ఉమామహేశ్వర రెడ్డి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. సంపినారు. పూడ్సినారు. దాపెట్టేదేం లేదు. ఎవరూ బస్సెక్కలేదు. హనుమమ్మ చీర ఆయన నెత్తిన పెట్టింది.

పూజారి గేటు తియ్యడానికి వచ్చాడు. కుర్రవాడు, ఊరి పాత తంతు ఎరగడు. నెత్తిన చీరతో నిలబడ్డ మనిషిని చూసి ఆగాడు.

"ఎవరిదండీ ఈ చీర?"

"మా ఇంటోళ్ళు సంపిన పిల్లది."

పూజారి గోడలోని బండ వైపు చూశాడు. దాని మీద బంగారు రంగు అక్షరాలున్నాయి. "అక్కడ అలా లేదు కదండీ" అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఆయన అప్పజెప్పిన జవాబులో దీనికి సమాధానం లేదు. అది పెద్దలు చేసిన పాపం గురించి తయారైన మాట. ఉమామహేశ్వర రెడ్డి చీర జారకుండా చేత్తో పట్టుకుని ఆ బండ వైపు తిరిగాడు.

"లేదు. అది అబద్ధం. ఆ పొద్దు నేనే జెప్పినా, ఈడనే నిలబడి."

పూజారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వీరేంద్ర గారిని అడక్కుండా కట్టమంటే..."

"ఆయప్పకు నేను జెప్తా. నువ్వు కట్టు."

పూజారి పట్టుచీర విప్పి మడతపెట్టాడు. నూలుచీర మాత్రం ఎంతకీ నిలవలేదు. రాయికి భుజాలు లేవు, జారిపోతోంది. హనుమమ్మ లోపలికి పోయి చీర అందుకుంది. ఉమామహేశ్వర రెడ్డి గడప బయట నిలబడి, బస్సు కదిలేదాకా ఆగి, తమ్ముడికి ఫోను చేశాడు.