ఏళ్ళను అద్దెకివ్వని మనిషి

ఉపవాస ప్రార్థన మధ్యలో ఫోను మోగింది. మోగనిచ్చాను. మళ్ళీ మోగింది.

"అయ్యగారూ, నాన్న పోయారండి. మీకు ముందు చెప్పమంది అమ్మ," అన్నాడు డ్రెస్సుల బాబాయిగారి పెద్దబ్బాయి.

చుట్టూ మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు నా ముఖంలోకి చూస్తున్నారు, ఏదో వాక్యం ఎత్తుతానని. చావు కబురు వినగానే నా నోటికి వచ్చే వాక్యాలు చాలా ఉన్నాయి. ఆ పూట అవేవీ ఎత్తకుండా లేచి చెప్పులు వేసుకున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు, మా చర్చి సంఘస్థుడూ కాదు. గవర్నరుపేటలో ఒక మేడ మీద నాటకాలకీ స్కూలు ఫంక్షన్లకీ డ్రెస్సులు అద్దెకిచ్చేవారు. ఊరంతా బాబాయిగారనేది, నేనూ అలాగే అన్నాను. క్రిస్మసు నాటికలకి దేవదూతల రెక్కలు, మంచి శుక్రవారానికి రోమా సైనికుల బట్టలు ఏటా ఆయన దగ్గరే.

"ఈసారి దేవదూతలు ఎంతమందండీ?"

"అయిదుగురు బాబాయిగారూ."

"రెక్కలు మూడు జతలే ఉన్నాయి. ఇద్దర్ని బస్సులో రమ్మనండి."

నేను ఊరుకునేవాణ్ణి కాదు. రెక్కలు మడతపెట్టించుకుంటూనే రక్షణ గురించి ఎత్తేవాణ్ణి. ఆయన ఓపిగ్గా వినేవారు. ఒకసారి మాత్రం అడిగారు.

"మీ పరలోకంలో ఏం కట్టుకుంటారండీ?"

"అందరికీ తెల్లని వస్త్రాలేనండి."

"అందరికీ ఒకటేనా? అయితే అక్కడ నాకు బేరం లేదు. నన్నిక్కడే ఉండనివ్వండి."

నరకాగ్ని గురించి మైకు అదిరేలా అరిచే నేను ఆ మాటకి నవ్వాను.

కొట్టు లోపలి గదిలో ఒక బీరువా ఉండేది. అందులోవి వేషాల కోసం కుట్టించినవి కావు, అసలు సిసలు మిలిటరీ చొక్కాలు. పాతబట్టలు వేస్తే స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వీధుల్లో తిరుగుతారు కదా. పెట్టె అడుగున దాచిన తాతగారి చొక్కా కూడా ఎప్పుడో ఆ మూటలోకి పోతుంది. మిలిటరీ చొక్కా దొరికితే సామాన్లవాళ్ళు బాబాయిగారికి తెచ్చి అమ్మేవారు.

అద్దెకి పెట్టేముందు ఆయన చొక్కాని ఒళ్ళో పరుచుకొని, బ్లేడు ముక్కతో చేతి మీది పట్టీలు విప్పేవారు. అన్నీ కాదు. భుజం మీది ఇత్తడి అక్షరాలు ఉంచేవారు. భుజం కింద హోదా చెప్పే పట్టీలూ ఉంచేవారు. మణికట్టుకి కాస్త పైన, గుడిసె కప్పులా మొన పైకి పెట్టి కుట్టిన చిన్న పట్టీలుంటాయి, అవి మాత్రం ఉంచేవారు కాదు. మాట పడకుండా సర్వీసు చేసినందుకు ఇచ్చేవట, కొన్నేళ్ళకి ఒకటి చొప్పున.

"హోదా ఎవడైనా తగిలించుకోవచ్చండి, నాటకమేగా. ఏళ్ళెలా అద్దెకిస్తాం? ఎండలో నిలబడ్డవాడొకడు, చప్పట్లు ఇంకొకడికా?" అనేవారు.

విప్పిన పట్టీలు బిస్కెట్ల డబ్బాలోకి పోయేవి. విప్పిన చోట గుడ్డ వెలవకుండా ముదురుగా ఉండేది. చొక్కా అంతా పాలిపోయినా ఆ గుడిసె కప్పు ఆకారం అలాగే నిలిచేది. ఎప్పటికైనా సొంతవాళ్ళు వెతుక్కుంటూ వస్తే తిరిగి కుట్టి ఇవ్వాలని ఆయన ఆశ.

"ఏది ఏ చొక్కాదో చీటీ కట్టి ఉంచరాదూ?" అన్నాను.

"నా చేత్తో విప్పింది నాకు తెలీదటండీ?"

నిజంగానే తెలుసు. బందరు నుంచి ఒకాయన తండ్రి చొక్కా కోసం వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. బాబాయిగారు డబ్బాలో చెయ్యి పెట్టి రెండు పట్టీలు తీశారు. ముదురు మచ్చల మీద ఆనిస్తే అంచుకి అంచు సరిపోయింది. ఆ ఆదివారం అదే నా ప్రసంగం. మనల్ని అరచేతుల మీద చెక్కుకున్నవాడొకడున్నాడని, ఆయన డబ్బాలో ఎవరి పట్టీలూ కలిసిపోవని చెప్పాను. జనం ఏడ్చారు. బడి ముఖం సరిగా చూడక, లేఖనంలోనే అక్షరాలు నేర్చుకున్న నాకు, దేవుణ్ణి చూపించడానికి అంతకంటే మంచి మనిషి దొరకలేదు.

ఆ మనిషి మరచిపోవడం మొదలుపెట్టాడు.

ముందు రోమా శిరస్త్రాణం తీసుకెళ్ళి పెళ్ళి తలపాగాల్లో పెట్టారు. తర్వాత నన్ను చూసి, "ఏ స్కూలండీ మీది?" అన్నారు. హాస్యమనుకున్నాను. కాదు.

అప్పుడే ఇబ్రహీంపట్నం మామ్మగారు వచ్చారు. ఆవిడ మా ప్రార్థన కూటానికి వస్తారు. ఆరేసిన బట్టల మీద పడే కరెంటు ఫ్యాక్టరీ బొగ్గు బూడిద దులుపుకుంటూ బతికిన మనిషి. భర్త మిలిటరీలో చేసి, ఎప్పుడో పోయారు. కోడలు తెలియక పెట్టెలోని చొక్కా వేసి స్టీలు బేసిను తీసుకుంది. ఆవిడ కోరిక ఒక్కటే, తన్ను శవపెట్టెలో పెట్టినప్పుడు ఆ చొక్కా గుండెల మీద ఉండాలని. నేనే ఆటోలో తీసుకెళ్ళాను.

బీరువాలోని చొక్కాలన్నీ తడిమి, ఒకదాని మోచేతి లోపల వేలు పెట్టి ఆవిడ ఆగిపోయారు. అక్కడ నీలం చీరముక్క అతుకు. "ఇదేనయ్యా. నా చీరే," అన్నారు. తర్వాత ముంజేతి దగ్గర తడిమారు. "మూడుండాలే. ఏవీ?"

బాబాయిగారు డబ్బా బోర్లించారు. ఒకదాన్ని పోలినవి ఒకటి, బల్ల నిండా పట్టీలు. ఒక మూడు ఏరి మచ్చల మీద పెట్టారు. తీశారు. ఇంకో మూడు పెట్టారు. అవీ తీసేశారు.

"నేనే విప్పానమ్మా. నేనే విప్పి అన్నీ కలిపేశాను."

"ఏవో ఒక మూడు కుట్టు నాయనా. నా కళ్ళకి ఆనవు. దేవుడు సర్దుకుంటాడులే."

"ఇంకొకడు నిలబడ్డ ఏళ్ళు మీ ఆయన చేతికి కుట్టమంటారా తల్లీ?" అని, పట్టీలు డబ్బాలోకి ఎత్తుకుంటూ, "చొక్కా నా దగ్గరుంచండి. గుర్తొస్తుంది," అన్నారు.

ఆవిడ నమ్మి ఇచ్చారు.

ఆ తర్వాత ఆయనకి వేరే లోకం లేదు. పొద్దున లేస్తే చొక్కా ఒళ్ళో, డబ్బా పక్కన. భార్య పేరు పోయింది, కొడుకుల పేర్లు పోయాయి, ఒళ్ళోని చొక్కా మాత్రం పోలేదు. నేను వెళితే ఒకరోజు స్పృహగా చెయ్యి పట్టుకున్నారు.

"అయ్యగారూ, మీవాడికన్నీ గుర్తుంటాయంటారుగా. ఒక్కసారి అడిగి పెట్టండి."

సహోదరులారా, అడిగాను. ఆ బల్ల దగ్గరే మోకరించి అడిగాను. సముద్రాన్ని చీల్చినవాణ్ణి మూడు గుడ్డముక్కలు అడిగాను. జవాబు రాలేదు. లేచి చూస్తే బాబాయిగారు నా వైపే చూస్తున్నారు, చంటిపిల్లాడు చూసినట్టు.

అంత్యక్రియలు కృష్ణ ఒడ్డున వాళ్ళ పద్ధతిలో జరిగాయి. నేను దూరంగా నిలబడ్డాను. ఆయన పరలోకానికి వెళ్ళారా నరకానికి వెళ్ళారా అని మా కూటంలో ఒకరు అడిగారు. ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి కచ్చితంగా చెప్పానో ఆ జవాబు! పాట ఎత్తమని పుస్తకం ఆ మనిషి చేతికిచ్చాను.

కర్మలు కాకముందే కొడుకులు కొట్టు ఖాళీ చేశారు. చెడ్డవాళ్ళు కారు, తెలియనివాళ్ళు. రెక్కలూ కిరీటాలూ వేరే కొట్టుకి పోయాయి. పాత నూలుబట్టలన్నీ ఇంజన్లు తుడుచుకోవడానికి ఆటోనగర్ లారీ షెడ్లకి పోయాయి. బాబాయిగారి భార్య డబ్బా మాత్రం నా చేతిలో పెట్టి, "చొక్కా కూడా వెళ్ళిపోయిందండీ, నేను చూసుకోలేదు," అని ఏడ్చారు.

ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డుకీ తిరిగాను. యేసు సిలువ కింద సైనికులు ఆయన అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. వాళ్ళకైనా అది ఎవరిదో తెలుసు. ఒక లారీ షెడ్డులో మేస్త్రీ చేతులు తుడుచుకుంటున్న గుడ్డలో నీలం ముక్క కనబడింది.

"ఏంటి అయ్యగారూ, మీదా?"

"నాది కాదు బాబూ."

"మరి మసిగుడ్డకి ఏడుస్తారేంటండీ? తీసుకోండి, నాకింకోటి ఉంది."

దొరికింది చొక్కా చెయ్యి ఒక్కటే. తక్కిన చొక్కా ఎక్కడ ఏ ఇంజను తుడుస్తోందో. గ్రీజు పట్టి గుడ్డంతా ఒకే నలుపు. బాబాయిగారు చివరిదాకా చూసుకున్న ఆ ముదురు మచ్చలు ఆ నలుపులో కలిసిపోయాయి.

ఇబ్రహీంపట్నం వెళ్ళి మామ్మగారి ఒళ్ళో పెట్టాను. ఉన్నదున్నట్టు చెప్పాను. లేఖనం చంకలో ఉంది, తెరవలేదు.  ఆవిడ గుడ్డని మోకాలి మీద సాపు చేసుకొని, మణికట్టు వైపు నుంచి గోటితో మెల్లగా గీకుతూ వెళ్ళారు. ఒకచోట గోరు ఆగింది. సూది దిగిన కంతల వరస.

"ఇదుగో, ఇక్కడొకటి," అన్నారు. ఇంకాస్త పైకి వెళ్ళి, "ఇది రెండోది."

నేను డబ్బా మూత తీసి పట్టుకుని కూర్చున్నాను. ఆరేసిన బట్టల మీద సన్నగా బూడిద రాలుతోంది. మామ్మగారి వేలు గ్రీజులో మూడోదాన్ని వెతుకుతోంది.