స్వల్ప సాంకేతిక లోపం

మొన్న అత్తమ్మను కంటి ఆపరేషన్‌కని నిజామాబాద్ తీసుకెళ్లాను. కంఠేశ్వర్‌లో ఇప్పుడు సందుకో ఆసుపత్రి. మేం వెళ్లినదాంట్లో లిఫ్టు కూడా ఉండడంతో అత్తమ్మ దాన్ని పెద్దాసుపత్రి కింద జమ కట్టింది. కుర్చీల్లో కూర్చున్నామో లేదో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకున్న యువకుడొకడు నవ్వుకుంటూ వచ్చాడు. ఆసుపత్రి పీఆర్వోనని చెప్పుకున్నాడు. "చిన్న ప్రాబ్లమే అమ్మా, ఏం ఫికర్ చెయ్యకుండ్రి. తొందర్లనే అంత సెట్ అయితది" అన్నాడు. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. అతను పాపం చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదోనని చూసుకున్నాడు. అలాంటి మాట వింటూనే ఆమె కాపురమంతా చేసిందని అతనికేం తెలుసు!

మా మేనమామ, అంటే అత్తమ్మ భర్త, పీఆర్వోనే. బోధన్ దాటాక అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు చక్కెర మిల్లు ఉండేది. ఇప్పుడా జాగాలో ప్లాట్ల హద్దురాళ్లు తప్ప ఏమీ లేవు. దాంట్లో ఆయన పౌర సంబంధాల అధికారి. ఆ హోదాకు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగక "మిల్లు సార్" అనేవారు. పొద్దున్నే ఇంటి ముందుకు కంపెనీ జీపు వచ్చేది. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాలకు మొలాసిస్ వాసన, అదే చక్కెర తీశాక మిగిలే చెరుకు మడ్డి వాసన, పోయేది కాదు. చిన్నప్పుడు నాకు మామ వాసన అంటే అదే. గానుగ మొదలవగానే ఇంకా వెచ్చగా ఉన్న కొత్త చక్కెరను పొట్లాలు కట్టించుకుని ఊరూరా తిరిగేవాడు. ముందు రైతు నోట్లో ఒక చిటికెడు వేయాలి, ఆ తర్వాతే కబురు చెప్పాలి. ఇదీ ఆయన పద్ధతి. నోట్లో చక్కెర కరుగుతుంటే ఎవరూ తిట్టలేరని ఆయన నమ్మకం. కోటగిరి వైపు ఒక పెద్దమనిషి మాత్రం చక్కెర మింగి మరీ తిట్టేవాడనుకోండి, అది వేరే సంగతి.

పత్రికలకు ప్రకటనలు రాసీ రాసీ మామకు ఇంట్లో కూడా ఆ భాషే పట్టుకుంది. మిల్లులో బాయిలర్ ఆగినా, బెల్టు తెగినా "స్వల్ప సాంకేతిక లోపం, త్వరలో పునఃప్రారంభం" అని రాసిచ్చేవాడు. కూర సంగతీ అంతే. "ఉప్పు ఎక్కువైందా కాలేదా, సక్కగ చెప్పరాదు?" అని అత్తమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. "స్వల్ప సాంకేతిక లోపం" అనేవాడు మామ, మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. బడిలో లెక్కలు తప్పినప్పుడు నేనూ ఆ మాటే చెప్పబోయి బాపు చేతి మొట్టికాయ తిన్నాను.

ఒక ఏడు చెరుకు కోతకొచ్చినా మిల్లు సైరన్ వినబడలేదు. యాజమాన్యం మామతో ఎప్పటి ప్రకటనే ఇప్పించింది. అది చదివి, మామ మాట కదా అని, రైతులంతా కోతలు ఆపుకుని కూర్చున్నారు. మా బాపుకు ఉన్న పొలమంతా చెరుకే. ఇంకొన్నాళ్లు ఆగితే నిలువునా ఎండి పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. బాపు మామను పొలం గట్టు మీద నిలబెట్టి అడిగేశాడు. "బామ్మర్దీ, పేపర్ ముచ్చట వద్దు. మిల్లు నడుస్తదా, నడ్వదా?"

ఆ రోజు మామ చేతిలో చక్కెర పొట్లం లేదు. "నడ్వది బావా. ఈ యేడు నడ్వది. గడ కొట్టిచ్చి మహారాష్ట్ర మిల్లుకు తోలుకో" అన్నాడు.

"మరి నీ నౌకరి?"

"నీకొక్కనికి చెప్పి ఊకుంటే నేనేం మనిషిని? నా మాట నమ్మే కద అందరు ఆగిండ్రు. పోయి చెప్పొస్త."

కంపెనీ జీపులోనే, కంపెనీ డీజిల్‌తోనే ఊరూరా తిరిగి ఆ మాట చెప్పొచ్చాడు. మా చెరుకు లారీలెక్కి సరిహద్దు దాటింది. మర్నాడు పొద్దున జీపు రాలేదు. అత్తమ్మ గడప దగ్గర నిలబడి వీధి చివరిదాకా చూసి, "నౌకరి పోయిందా?" అంది. "స్వల్ప సాంకేతిక లోపం" అన్నాడట మామ. "గా ఒక్కపారి నాకు కోపం రాలే బిడ్డా" అంటుంది అత్తమ్మ ఇప్పటికీ.

ఆ తర్వాత మామ బోధన్‌లో ఒక ఎరువుల దుకాణంలో కూర్చునేవాడు. రైతులు ఎరువుల కన్నా ఆయనతో ముచ్చట్లకే ఎక్కువగా వచ్చేవారు. చివరికి ఆయన మంచాన పడ్డప్పుడు బాపు వెళ్లి చెయ్యి పట్టుకుని, ఎట్లుందని అడిగాడు. "ఏం లేదు బావా, స్వల్ప సాంకేతిక లోపం. త్వరలో..." అని ఆపేశాడు మామ. బాపు బయటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. గట్టు మీద ఆయన నోటి నిజం విన్న మనిషికి ఈ అబద్ధం అర్థం కాకుండా ఉంటుందా?

ఆసుపత్రిలో అత్తమ్మ నవ్వు ఆపుకుని ఆ యువకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "సక్కగ చెప్పు కొడుకా, కన్ను కనవడ్తదా?" అంది. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "నాకు తెల్వదమ్మా. డాక్టర్ సారే చెప్పాలె."

"గిట్ల చెప్పు బిడ్డా. నిన్ను నమ్మొచ్చు" అని అత్తమ్మ అతని తల నిమిరింది.

ఆమె కన్ను బాగానే ఉంది ఇప్పుడు. నాకే, ఇన్నేళ్లు గడిచినా, ఎవరైనా తియ్యగా మాట్లాడితే ముందు మొలాసిస్ వాసన వస్తుంది. ఆ వెంటనే గట్టు మీద ఖాళీ చేతులతో నిలబడ్డ మామ కనిపిస్తాడు.