కూతురి బరువుకు బిగించిన బుష్షులు

సాలూరులో చక్రాల అదురును మింగే బుష్షుల గురించి ఎవరికి అనుమానం వచ్చినా కూర్మయ్య షెడ్డుకే వస్తారు. జీవితమంతా లారీల కింద పడుకుని బతికిన మనిషి. అడిగినవాడికి ఆయన చెప్పే మాట ఒకటే: "గట్టిదెయ్యి." మెత్తటి బుష్షన్నా మెత్తటి మనిషన్నా ఆయనకు గిట్టదు.

అలాంటివాడికి సుహాసిని పుట్టింది. విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ, పాత స్పోర్ట్స్ కారొకటి కొని, సెలవులొస్తే చెన్నై వెళ్లి ట్రాక్ మీద పందేలకు తోలుతుంది. కిందటిసారి మలుపులో కారు వెనక భాగం జారి, గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. ఆ సంగతి ఆమె నవ్వుతూ చెప్పింది. కూర్మయ్య సగం తిన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"వెనక బుష్షులు అరిగిపోయాయి నాన్నా. కొత్తవి నువ్వే ఏరు," అని రెండు రకాలు ముందు పెట్టింది. వెనక చక్రాలను బండికి పట్టి ఉంచే ఇనప చేతుల చివర్లలో వేసేవవి. ఒకటి కంపెనీ దానికన్నా కాస్త బిగువైన రబ్బరు. రెండోది పసుపుపచ్చది, గోరు దిగనంత గట్టిది. ఆయన సరిగా చూడను కూడా చూడకుండా పచ్చదాని మీద చెయ్యి వేశాడు.

బిగించాక పరీక్ష. ఖాళీ బండిని పరీక్షించడం కూర్మయ్యకు నామోషీ. పక్క మిల్లు నుంచి బియ్యం బస్తాలు తెప్పించి డిక్కీలోనూ వెనక సీట్లోనూ కుక్కి, సుంకి ఘాటీ కొండదారి ఎక్కి దిగి వచ్చాడు. కారు నేలను కరుచుకుని నడిచింది. "ఇంక నీకు బెంగ లేదే. బండలాగున్నాది," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

మర్నాడు బస్తాలు దింపేసి, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని సుహాసిని అదే ఘాటీకి తీసుకెళ్లింది. పెద్ద జోరు కూడా కాదు. అతుకులేసిన మలుపొకటి వచ్చింది. వెనక చక్రం గతుకును మింగలేక ఎగిరింది, కారు తోక లోయవైపు తన్నింది. ఆమె స్టీరింగు తిప్పి ఎలాగో నిలబెట్టింది. కూర్మయ్య డాష్‌బోర్డు మీంచి చెయ్యి తీసి కూతురి వైపు తిరిగాడు.

"తప్పు నాదేనమ్మా. లోడు బండి అనుకుని ఏసీసినాను."

"పోనీలే నాన్నా, మార్చేద్దాం."

"మార్సడం కాదే. నాకు బయమేస్తన్నాది. నువ్వా ట్రాక్ మీదకి ఎల్తానంటేనే గుండి జారిపోతన్నాది."

ఆ మాట తండ్రి నోట ఆమె ఎన్నడూ వినలేదు. బండి పక్కకు తీసి ఆపింది. "మరి వెళ్లొద్దంటావా?"

వద్దంటే మానేస్తుంది. ఆ సంగతి కూర్మయ్యకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట అనలేకపోయాడు. కొండకేసి చూసి, "షెడ్డుకి పద," అన్నాడు.

సాయంత్రానికి పచ్చవి ఊడదీసి రబ్బరువి వేశాడు. బోల్టులు ఇంకా వదులుగానే ఉంచి, కారును షెడ్డులోని మరమ్మతు గుంట మీదకు తోయించి నాలుగు చక్రాల మీద నిలబెట్టాడు. బండి ఏ బరువుతో నిలిచి ఉండగా బిగిస్తే ఆ బరువుకే రబ్బరు అలవాటు పడుతుంది.

"రాయే, లోపల కూకో."

"ఇప్పుడెందుకు నాన్నా?"

"తోలేది నువ్వు గదా. నీ బరువుకే బిగించాలి."

సుహాసిని డ్రైవరు సీట్లో కూర్చుంది. కారు రవ్వంత కిందికి దిగింది. గుంటలో ఉన్న కూర్మయ్య ఆ దిగడం చూశాడు, కళ్లు తుడుచుకుని పానా అందుకున్నాడు.

"కదలకు తల్లీ," అన్నాడు.