బతుకమ్మ కడుపులో బాబిన్ డబ్బీ

మా ఎదురింటి భాగ్య నోటి వెంట కాదన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు. చిట్యాలలో ఆమెకన్నా బాగా జాకెట్లు కుట్టేవాళ్ళు ఉన్నారో లేరో నేను చెప్పలేను గానీ, ఆమెకన్నా మెత్తటి మనిషి మాత్రం ఉండదు. "వదినె, రేపటికల్లా కావాలె" అని ఎవరైనా బట్ట పడేసి పోతే, పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకునే "చూస్తా" అంటుంది. ఆ చూస్తా అంటే కుడతానని ఊరందరికీ తెలుసు. ఒకసారి జ్వరమొచ్చి దవాఖానలో పడుకుంటే, అక్కడికీ ఒకామె వచ్చి "చేతులు జర పొట్టిగ పెట్టు" అని కొలత చూపించి పోయింది. సెలైన్ ఎక్కని చేత్తో భాగ్య ఆ కొలత పట్టి చూసింది కూడా.

బతుకమ్మ పండుగ వస్తే ఇక చెప్పనక్కరలేదు. చివరి రోజు సద్దుల బతుకమ్మకు ప్రతి ఆడమనిషికీ కొత్త జాకెట్ కావాలి. వాడకట్టులోని బతుకమ్మలన్నీ తలలకెక్కి చెరువు దారి పట్టేదాకా భాగ్య మిషిన్ గరగరలాడుతూనే ఉండేది. పోయిన ఏడు చివరి హుక్కు కుట్టి, మెడలో టేపు అట్లాగే వేలాడుతుండగా చెరువుకు పరుగెత్తింది. అప్పటికే ఆడవాళ్ళు ఖాళీ తాంబాళాలతో ఎదురొస్తున్నారు. ఒకామె జాలిపడి గుప్పెడు పులిహోర పెట్టి, "వచ్చే ఏడు ఆడుదువు తియ్యి" అంది. భాగ్య పులిహోర తిని, చెయ్యి కడుక్కుని, ఆమె జాకెట్ చంక దగ్గర పట్టేసిందని గమనించి, రేపు ఇచ్చి పొమ్మని చెప్పి ఇంటికొచ్చింది.

నిజానికి భాగ్య పుట్టిన ఊరు కురవిలో, ఆమె గొంతెత్తితేనే ఆట మొదలయ్యేదట. పెళ్ళిచూపులప్పుడు ఆమెవాళ్ళు చెప్పిన గొప్ప కూడా అదొక్కటే, పిల్ల పాట ఎత్తుకుంటుందని. ఆ మాట అత్త పెంటమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

"పాట పాడుతదని తెచ్చుకున్న పిల్ల. గొంతు ఎట్లుంటదో గింతవరకు వినకపోతిమి. పెండ్లి నా కొడుకుతోని అయిందా, మిషిన్‌తోని అయిందా తెలుస్తలేదు" అంది ఈసారి పండుగ ముందు, గునుగు పూల కట్టలు విప్పుతూ.

వాకిట్లో ఆటో తుడుచుకుంటున్న ఆ కొడుకు ఐలేశ్, "నాకు గూడ తెలుస్తలేదే అవ్వా!" అని అరిచాడు.

భాగ్య మిషిన్ ఆపింది. నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. ఆమె నోరు ఖాళీగా ఉండడం అరుదు కాబట్టి తల్లీకొడుకులిద్దరూ అటే చూశారు.

"ఈ ఏడు నేను బతుకమ్మ ఆడాలె అత్తమ్మా. సద్దుల నాడు పగటాల్ల మిషిన్ బందు. నువ్వొచ్చి గీ బాబిన్ డబ్బీ తీస్కపోయి దాచిపెట్టు. నేను అడిగినా ఇయ్యకు. ఏడ్చినా ఇయ్యకు."

"కాళ్ళు మొక్కితే?"

"గప్పుడు దీవించు. ఇయ్యకు."

బాబిన్ డబ్బీ అంటే మిషిన్ అడుగున కింది దారం ఉండే చిన్న ఇనుప గూడు. చిటికెన వేలంత ఉండదు. అది లేకపోతే ఎంత తొక్కినా సూది బట్టకు చిల్లులు పొడుస్తుందే తప్ప కుట్టు పడదు.

సద్దుల రోజు అన్న మాట ప్రకారం పెంటమ్మ మధ్యాహ్నం వచ్చి చెయ్యి చాపింది. భాగ్య కళ్ళు మూసుకుని డబ్బీ తీసి ఇచ్చింది. ఆ తర్వాత ఆమెను చూడాలి! తలంటుకుంది, తడి జుట్టుతో వాకిట్లో అటూ ఇటూ తిరిగింది, మడత విప్పని చీర తీసి కట్టుకుంది. తనకోసం ఎప్పుడో కుట్టి పెట్టెలో పడేసిన జాకెట్ పట్టదేమోనని భయపడుతూ తొడిగి, పట్టగానే గట్టిగా నవ్వింది. నేను పుస్తకం మూసేసి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. చదివే పేజీ కన్నా ఎదురిల్లే బాగుంది.

పొద్దు వాలుతుండగా స్వప్న వచ్చింది. జనగామలో నౌకరీ చేస్తూ పండుగకు ఊరొచ్చిన పిల్ల. చీర కొంగు నిండా కప్పుకుని ఉంది.

"అక్కా, పాత కొలతకే కుట్టమన్న గని నేను పాతగ లేను. ఊపిరి ఆడ్తలేదు. పక్క కుట్లు జర ఇప్పి ఎయ్యవా? రొండు నిమిషాల పని!"

ఆమె వెనకే తాండా నుంచి మంగ్లీ వచ్చింది. ఒంటి మీద ఒక చెయ్యి ఉన్న జాకెట్ ఉంది, రెండో చెయ్యి ఆమె పిడికిట్లో ఉంది.

"భాగ్యక్కా, గిదేంది? ఒక్క చెయ్యే అతికినవ్. నేను సగం ఆడి ఇంటికి పోవాల్నా?"

భాగ్య నెత్తి పట్టుకుంది. స్వప్న తప్పు స్వప్నది, కానీ మంగ్లీది తన తప్పే. తొందరలో రెండో చెయ్యి అతకకుండానే మడతపెట్టి పంపేసింది. పాదాలు వాటంతటవే మిషిన్ వైపు నడిచాయి. కూర్చున్నాక గాని డబ్బీ లేదన్న సంగతి గుర్తు రాలేదు.

"అత్తమ్మా! గది జర ఇయ్యి! ఒక్క చెయ్యి అతికి మల్ల ఇచ్చేస్త!"

పెంటమ్మ ఇంటి నడుమ పీట మీద, నడుమెత్తున పేర్చిన బతుకమ్మ దగ్గర కూర్చుని, పైన గుమ్మడి పువ్వు సర్దుతోంది.

"నీ కాళ్ళు మొక్కుత అత్తమ్మా, యాడ పెట్టినవ్?"

పెంటమ్మ కోడలి తల మీద చెయ్యి పెట్టి దీవించింది. తర్వాత బతుకమ్మ వైపు గడ్డం చూపించింది.

"తల్లి కడుపుల పెట్టిన."

అందరూ నోళ్ళు తెరిచారు. బతుకమ్మను పేర్చేటప్పుడు చుట్టూ తంగేడు, గునుగు, బంతి వరసలు పెట్టి, నడుమ ఖాళీలో ఆకులు కుక్కుతారు. ఆ ఆకుల మధ్య, ఎక్కడో అడుగు వరసలో, డబ్బీ ఉంది. పేర్చిన బతుకమ్మను విప్పే ధైర్యం ఏ ఆడదానికుంటుంది?

"పూలల్ల ఇనుము పెడ్తవా అత్తమ్మా?"

"ఇనుమైతే ఏంది, మనకు అన్నం పెట్టే ఇనుమే గద. దసరకు మిషిన్‌కు బొట్టు పెడ్తలేమా?"

ఐలేశ్ ఆటోలోంచి పొడుగాటి తీగ తెచ్చాడు. "పక్కనుంచి గుచ్చి మెల్లగ గుంజుత. ఒక్క పువ్వు గూడ..."

"చెయ్యి ఏసి సూడు!" అని నలుగురాడవాళ్ళూ ఒకేసారి అరిచారు. అతను తీగను వీపు వెనక దాచుకుని, వీపు గోక్కుంటున్నట్టు నటిస్తూ బయటికి నడిచాడు.

భాగ్య డబ్బాలోంచి చేతిసూది తీసింది. మంగ్లీ అది లాక్కుంది.

"మా తాండల సూది పట్టుడు రానిదెవరు అక్కా? నీ మిషిన్ కుట్టు సక్కగుంటదని ఇస్తున్నం గని, రాక ఇస్తున్నమా?" అంటూ గడప మీద కూర్చుని తన చెయ్యి తానే అతుక్కుంది. తర్వాత స్వప్న జాకెట్ పక్క కుట్లు కూడా తానే విప్పి అక్కడ పిన్నీసులు వరసగా పెట్టేసింది. "ఎగురకు, పేలుతవి" అని హెచ్చరించింది.

భాగ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తను లేకుండానే పని అయిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మొదట మొహం చిన్నబోయింది. తర్వాత ఆ మొహమే మెల్లగా విచ్చుకుంది.

బతుకమ్మను ఎత్తుకుని అందరం చెరువు దగ్గరికి పోయాం. ఆటలో మొదటి చుట్టే రసాభాసయింది. కురవిలో వంగి రెండు చప్పట్లు కొడతారట, ఇక్కడ ఒకటే. భాగ్య రెండోదానికి వంగేసరికి వెనకామె వచ్చి గుద్దుకుంది, ఆమెను ఇంకొకామె గుద్దింది. వలయమంతా నవ్వుల్లో చెదిరిపోయింది. పాట ఎత్తుకునే పెద్దావిడకు నవ్వుతో పొలమారి దగ్గు తెగడం లేదు.

ఆ ఖాళీలో భాగ్య గొంతు లేచింది.

ఆ గొంతు గురించి నాకు రాయడం రాదు. దుమ్ము పట్టిన పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండలో దులిపినట్టుంది. చెరువు గట్టు మీద మొగవాళ్ళ మాటలు ఆగిపోయాయి. పెంటమ్మ తన పక్కనున్నామె డొక్కలో పొడిచి, "నేను చెప్పలె? నేను చెప్పలె?" అంది. తర్వాత ఊరంతా పాట అందుకుంది. అడుగులు ఊపందుకోగానే స్వప్న పిన్నీసు ఒకటి టక్కున పేలింది. ఆమె కొంగు అదిమిపట్టి, ఒక చేత్తోనే తొడ మీద చప్పట్లు కొడుతూ తిరిగింది. మంగ్లీ రెండు చేతుల జాకెట్‌తో ఎగిరెగిరి ఆడింది.

బతుకమ్మలను నీళ్ళలో వదిలే వేళయింది. భాగ్య తమ బతుకమ్మతో మోకాళ్ళ లోతుకు దిగింది, వెనకే పెంటమ్మ కూడా. అప్పుడు గట్టు మీంచి ఐలేశ్ కేక వినిపించింది.

"బాబిన్! ఓ భాగ్యా, బాబిన్ తీసుకోవే!"

భాగ్య ఆగింది. నీళ్ళలో పెట్టాక పూలు ఎలాగూ విడిపోతాయి, చెయ్యి పెట్టి తీస్తే ఎవరూ తప్పు పట్టరు. గట్టున ఆమె సంచిలో ఫోన్ మోగుతోంది. దసరాకు జాకెట్ కావలసినవాళ్ళెవరో.

"అది పోతే కొత్తది భూపాలపల్లిల్నే దొరుకుతది! దుకాండ్లు దసర అయినంకనే తెరుస్తరు!" ఐలేశ్ గొంతు చించుకున్నాడు.

"గందుకే!" అని భాగ్య వెనక్కి తిరగకుండానే అరిచి, బతుకమ్మను ముందుకు తోసింది.

బతుకమ్మ కాస్త ఒక పక్కకు ఒరిగింది, మళ్ళీ నిలబడి, ఇనుము మోస్తున్నా ఏమీ ఎరగనట్టు తేలుతూ పోయింది. పెంటమ్మ నవ్వీ నవ్వీ నీళ్ళలోనే కూలబడింది. ఆమెను లేపబోయి భాగ్య కూడా కూలబడింది. కొత్త చీర, కొత్త జాకెట్, అన్నీ తడిసిపోయాయి.

దసరా వెళ్ళాక ఐలేశ్ కొత్త డబ్బీ తెచ్చాడు. ఇప్పుడు పొద్దుగూకి దీపం పెట్టగానే భాగ్య దాన్ని తీసి అత్త చేతిలో పెడుతుంది. ఎవరైనా బట్ట పట్టుకొస్తే, "నా కాడ ఏముంది వదినె, అత్తమ్మ కాడుంది" అంటుంది. వాళ్ళు పెంటమ్మ దగ్గరికెళితే ఆమె కూర్చోబెట్టి చాయ్ పోస్తుంది, డబ్బీ మాత్రం ఇవ్వదు. ఆ వేళకు ఎదురింట్లోంచి ఒకప్పటి గరగర బదులు కూనిరాగం వస్తోంది. నా చదువు కొంచెం వెనకబడింది.

మొన్న పెంటమ్మ దాన్ని ఎక్కడ దాచిందో తానే మరిచిపోయింది. తెల్లారి బియ్యం డబ్బాలో, పోపుల పెట్టెలో, దేవుడి గూట్లో చేతులు పెట్టి వెతుకుతోంది. భాగ్య అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పల్లీలు ఒలుచుకు తింటూ, లోపలికి కేకేసింది.

"నిమ్మలంగ చూడు అత్తమ్మా. తొందరేం లేదు."