రోడ్డు తీసేసి చెప్పిన కొలత

కరోనా తగ్గి పిల్లోళ్లు మళ్లా కాలేజీలకు పోతాండిన ఏడాది అది. అప్పటికే ప్రొద్దుటూరులో నేను ప్లాట్లు చూపించబట్టి ఇరవై ఏండ్లు. చదివింది ఐదో తరగతి. కానీ జమ్మలమడుగు రోడ్డులో ఏ ప్లాటు ఎవురు ఎవురికి అమ్మినారో, రిజిస్ట్రేషన్ పొద్దు కొన్నాయమ్మ ఏ చీర కట్టుకొచ్చిందో కూడా చెప్తా. నా ఆఫీసంటే ఒక రేకుల గది, నాలుగు కుర్చీలు, గోడకు వెంచర్ మ్యాపులు. వెంచర్ అంటే పొలాన్ని చదును చేసి, రోడ్లు తీసి, ప్లాట్లుగా కోసి అమ్మేది.

ఒక పొద్దు కొండాపురం తట్టు నుంచి ఓబులేసు వచ్చినాడు. గొర్రెలాయన. గండికోట ప్రాజెక్టు నీళ్లకు ఊరు మునిగినాక గవర్నమెంటు ఇచ్చిన కాలనీకి వచ్చిన కుటుంబం. ఆయన తమ్మునికి ప్లాటు నేనే ఇప్పించినా, ఆ నమ్మకం. వెంట కూతురు శిరీష, ఇంటర్ పాసైన పిల్ల. ఆ పిల్ల చేతిలో రెండు కాలేజీల ప్రచారం పుస్తకాలు.

"అక్కా, ప్లాటు కోసం రాలేదు. కాలేజీ చూసిపెట్టాల నువ్వు."

"నేనా! కాలేజీ వాకిలి తొక్కినదాన్ని కాదు గదప్పా."

"రియల్ ఎస్టేట్ డిగ్రీ అంట. నీ పనికి కూడా చదువు వచ్చిందంట. గొర్రెనైతే నోట్లో పండ్లు చూసి వయసు చెప్తా. కాలేజీకి పండ్లు యాడుంటాయో నాకేం తెలుసు?"

శిరీష ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కుర్చీలో కొంచెం నిటారుగా కూచున్నా కూడా.

ఒకటి బెంగుళూరు కాలేజీ. అద్దాల బిల్డింగు, మూడేండ్లకు తొమ్మిది లక్షలు. చదివి బయటికొస్తే నెలకు నలభై వేలు అని పుస్తకంలో పెద్ద అక్షరాలు. రెండోది తిరుపతి దగ్గర చిన్న కాలేజీ. పల్చటి పుస్తకం, మసక ఫోటోలు, మూడేండ్లకు రెండు లక్షలు. జీతం పదహారు వేలని ఒక మూల రాసుంది. పిల్ల మనసంతా అద్దాల మీదనే. దానికోసం ఓబులేసు మందంతా అమ్మి, చాలనిది బ్యాంకులో లోను తీసేదానికి సిద్ధమైనాడు. మంద పోతే ఆయన చేతిలో కట్టె తప్ప ఏమీ మిగలదు.

"ప్లాటు కొనేటప్పుడు అమ్మేవాణ్ణి అడగం పిల్లా," అన్నా. "పక్కన ఇల్లు కట్టుకున్నోళ్లను అడుగుతాం. బోరులో నీళ్లు పడినాయా, వానకు మునుగుతాదా అని. ఆ కాలేజీల్లో చదివి బయటపడినోళ్లను పట్టుకో."

పుస్తకాల్లో పేర్లున్నోళ్లకు శిరీష ఫోన్లో మెసేజీలు పెట్టింది. మర్నాడు వాళ్లు నా గదిలో ఉండంగానే బెంగుళూరు పుస్తకం అట్ట మీదున్న అమ్మాయే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టించినా.

"నలభై వేలు నిజమేనామ్మా?"

"అది ప్యాకేజీ ఆంటీ. చేతికి పద్దెనిమిది. మిగతాది కమీషన్. ఫ్లాట్లు అమ్ముడుపోతేనే."

"లోను ఉండాదా?"

"చదువంతా లోనుతోనే. నెలకు పన్నెండు వేలు కంతు."

"మరి తిండికి?"

"అమ్మ బియ్యం పంపిస్తాది," అని నవ్వింది ఆ బిడ్డ.

నేను నెత్తి కొట్టుకున్నా. "ఓయబ్బ, ఇది మా విద్యే గదప్పా!"

ఏందని శిరీష అడిగితే చెప్పినా. మా పనిలో మూడు సెంట్ల ప్లాటు అంటే దాంట్లో ముందర రోడ్డు సగం కలిపే చెప్తాం. కాగితంలో మూడు సెంట్లు, ఇల్లు కట్టుకునేదానికి రెండున్నర. ఆ కాలేజీ కూడా జీతంలో రోడ్డు కలిపి కొలిచింది.

తిరుపతి కాలేజీలో చదివి పులివెందులలో బిల్డర్ దగ్గర పని చేస్తాండే అబ్బాయి సాయంత్రం దొరికినాడు. పదహారు వేలు, అదీ చేతికే. కంతు మూడు వేలు. శిరీష వేళ్ల మీద లెక్కేసింది. ఆడ మిగిలేది ఆరు, ఈడ పదమూడు. మెల్లగా బెంగుళూరు పుస్తకం మూసింది.

"అద్దాలు మాత్రం శానా బాగుండాయి నాయినా."

"ఆ అద్దాలు తుడిచేది మన గొర్రెలమ్మిన దుడ్లతోనే గదే," అన్నాడు ఓబులేసు. గది గదంతా నవ్వులే.

ఏడాదికి పది పొట్టేళ్లు అమ్మి చదివించినాడు. మంద నిలబడింది. పోయినేడు డిగ్రీ పట్టా పట్టుకోని శిరీష నా దగ్గరికే వచ్చింది. "అత్తా, పని నేర్చుకుంటా. జీతం మాత్రం చేతికిచ్చేదే చెప్పు," అనింది.

మొదటి బేరమే జమ్మలమడుగు టీచరు దంపతులది. ప్లాటు కాడ నిలబడి నేను, "మూడు సెంట్లు సార్, తూర్పు ముఖం," అన్నా. శిరీష టేపు విప్పి నాలుగు పక్కలా కొలిచింది.

"రోడ్డు తీసేస్తే రెండున్నర సార్."

నేను దాని మోచేయి పట్టుకోని పక్కకు లాగినా. "ఏందే పిల్లా!" అని గొణిగినా.

"ఆ పొద్దు నువ్వే గదత్తా చెప్పింది," అనింది నా చెవిలో.

సారు టీచరమ్మ వైపు చూసి నవ్వినాడు. "ఐదు వెంచర్లు తిరిగినాం. రోడ్డు తీసేసి చెప్పినోళ్లు మీరొక్కరే." రెండున్నర సెంట్లకే ధర కట్టించుకోని, ఆడనే అడ్వాన్సు ఇచ్చినారు. మరుసటి వారం వాళ్ల బళ్లో పనిచేసే ఇంకో ఇద్దరు టీచర్లను తోలుకొచ్చినారు.

ఇన్నేండ్లూ నిజం చెప్తే బేరం పోతాదని భయపడినదాన్ని. ఆ భయం ఒక టేపు దెబ్బకు పోయింది. ఇప్పుడు మ్యాపుల మీద రెండు కొలతలూ రాయించి పెట్టినా.

మొన్న ఒకాయన వచ్చి, "ఇది రోడ్డుతోనా, రోడ్డు లేకుండానా?" అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోపలే, కూతుర్ని చూసేదానికి వచ్చి మూల కూచోనున్న ఓబులేసు అందుకున్నాడు.

"మా పిల్ల ఉన్నకాడ రోడ్డు ఎప్పుడూ బయటేనప్పా!"