జీవరాజుని ఎక్కడ చేర్పించాలి

మొగల్తూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఒక చిన్న పేట ఉంది. ఆ పేటలో సువార్తమ్మని తెలియనివాళ్ళు లేరు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. పేటలోని చిన్నపిల్లలందరూ ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళే. మనిషి పొడగరి, మాట తక్కువ. ఆదివారం లూథరన్ చర్చిలో ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుంటుంది. ఎవరూ పాట ఎత్తుకోకపోతే అప్పుడు మాత్రం గొంతు విప్పుతుంది.

ఆమె భర్త జీవరాజు చెరువుల మీద మోటార్లు బాగుచేసేవాడు. రొయ్యలకి గాలి అందాలంటే నీళ్ళని చిలికే ఏరియేటర్లు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. అవి ఆగితే తెల్లారేసరికి సరుకంతా చచ్చి పైకి తేలుతుంది. అందుకని రైతులు ఏ వేళప్పుడు ఫోన్ చేసినా జీవరాజు మోటారు సైకిల్ మీద సామాను సంచీ వేసుకుని బయల్దేరేవాడు.

మందు అలవాటయింది కూడా ఆ చెరువు గట్ల మీదే. మొదట్లో చలికి తాగాడు. తర్వాత మెలకువగా ఉండటానికి, ఆ తర్వాత నిద్ర పట్టడానికి తాగాడు. మోటారు తిరిగాక రైతు కూలితో పాటు ఒక సీసా చేతిలో పెట్టడం అక్కడ మర్యాద. యానాం వెళ్ళినవాళ్ళు తెచ్చిన మంచి రకం సీసా అయితే ఇంకా మర్యాద. అలా ఏళ్ళు గడిచేసరికి, లేవగానే ఒక గుక్క పడితే తప్ప చేతి వణుకు ఆగని స్థితికి వచ్చాడు. సువార్తమ్మ తిట్టింది, ఏడ్చింది, కొన్నాళ్ళు మాట్లాడటం మానేసింది. ఏదీ పనిచెయ్యకపోయేసరికి ఆయన అన్నం మీద మూత పెట్టి పడుకోవడం అలవాటు చేసుకుంది. కూతురు క్రిస్టినా భీమవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవులకి వచ్చినా తండ్రితో రెండు మాటలకి మించి మాట్లాడేది కాదు.

ఒక వేసవి పొద్దున చంద్రరావు గారి చెరువు మీద జీవరాజు వైరు అతికించి, దానికి టేపు చుట్టడం మరిచిపోయాడు. ఆ సంగతి తెలియక పాపాయి అనే కూలీ నీళ్ళలోకి దిగాడు. దిగినవాడు దిగినట్టే వెనక్కి విరుచుకు పడ్డాడు. పక్కనున్నవాళ్ళు పరిగెత్తి మెయిన్ ఆపబట్టి ప్రాణం దక్కింది గానీ, మోచేతి దాకా కాలింది.

ఆ సాయంత్రమే చంద్రరావు గారు సువార్తమ్మని ఇంటికి పిలిపించారు.

"వాడు పనిమంతుడే, కాదన్ను. కానీ ఇవాళ పాపాయి పోయుంటే నా గతేంటి? వాణ్ణి ఎక్కడన్నా చేర్పించి మందు మాన్పించు. అప్పటిదాకా నా గట్టెక్కొద్దని చెప్పు."

"ఆయ్, అలాగేనండి."

"డబ్బుకి చూడకు. నేను సర్దుతాను. తిరిగొచ్చాక పనిలో పట్టుకుంటాలే."

సువార్తమ్మ దండం పెట్టి బయటికొచ్చింది. ఆయన డబ్బు తీసుకుంటే, అది తీరేదాకా జీవరాజు ఆ గట్ల మీదే తిరగాలి. ఇంటికి నడుస్తూ ఆమె ఆలోచించింది ఆ ఒక్క సంగతే.

అన్నగారు ఎజ్రా రాజమండ్రిలో ఒక కాలేజీ ఆఫీసులో హెడ్ క్లర్కు. అక్కడి సంఘంలో పెద్ద. చెల్లెలంటే ప్రాణం, బావంటే సిగ్గు. విషయం ఫోన్లో విన్నాక ఆయన ఒక్కరోజులో అంతా వాకబు చేశాడు. ఊరి బయట ఒక ప్రైవేటు సెంటరు ఉందట. మూడు నెలలు ఉంచుకుని మాన్పించి పంపుతారట.

"నువ్వు ఊ అను చాలు సువార్తా. వాళ్ళే బండేసుకుని వస్తారు. నలుగురు కుర్రాళ్ళుంటారు, ఎత్తి కూర్చోబెట్టుకుపోతారు. బావకి ముందు చెప్పకూడదంట. డబ్బంతా నేను కడతాను."

"నేనోసారి చూస్తాను అన్నయ్యా."

"చూడ్డానికేముంది?"

"ఉండేది ఆయన కదా."

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కింది. ఎజ్రా బస్టాండు దగ్గర కలిసి ఆటోలో తీసుకెళ్ళాడు. సెంటరంటే రెండంతస్తుల డాబా. ముందు ఆఫీసు గది చల్లగా, శుభ్రంగా ఉంది. గోడ మీద ధ్యానం చేస్తున్న మనుషుల బొమ్మలున్నాయి. మేనేజరు సురేంద్ర అనే అతను వాళ్ళిద్దరికీ కూల్‌డ్రింకు ఇప్పించాడు. యోగా, క్లాసులు, మంచి భోజనం అంటూ చాలాసేపు చెప్పాడు. మూడు నెలల డబ్బూ ముందే కట్టాలన్నాడు, మధ్యలో తీసుకెళ్ళినా తిరిగివ్వమన్నాడు.

"డాక్టరు గారు ఎప్పుడుంటారండి?" అని అడిగింది సువార్తమ్మ.

"అవసరమైతే పిలిపిస్తామమ్మా."

"ఆయన పేరేంటండి?"

సురేంద్ర నవ్వి, "ఒకరని కాదులెండి, పేనెల్లో చాలామందున్నారు," అన్నాడు.

"నేను వారానికోసారొచ్చి చూడొచ్చాండి?"

"మొదటి నెల కుదరదమ్మా. ఫోను కూడా ఇవ్వం. ఇంటివాళ్ళని చూస్తే మనసు మారిపోద్ది."

పైకి వెళ్ళే మెట్ల దగ్గర ఇనుప తలుపుంది. దానికి తాళం వేసి ఉంది. ఆ తలుపు వెనక ఒక మనిషి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లుంగీ కట్టుకున్నాడు, గుండు గీసి ఉంది. సువార్తమ్మ చూస్తే తనూ చూశాడు. సురేంద్ర వచ్చి నిలబడగానే తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం ఆమెకి నచ్చలేదు. అంగన్‌వాడీలో కొత్త పిల్లలు అలా దించుకుంటే, ఇంట్లో ఎవరో కొడుతున్నారని ఆమె అనుకునేది.

బయటికొచ్చాక ఎజ్రా అడ్వాన్సు కట్టేద్దామన్నాడు.

"వద్దు అన్నయ్యా. డాక్టరు పేరు చెప్పలేనోళ్ళ దగ్గర నేను ఆయన్ని పెట్టను."

"మరేం చేస్తావు? ఇంకా అలాగే తాగనిస్తావా? నా డబ్బు చేదా నీకు?"

"చేదని కాదు."

"మరేంటి?"

ఆమె ఆటో వైపు నడిచింది. చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో దారి లేదు. ఎజ్రా ఆటో దిగాక బస్సు దాకా కూడా రాలేదు. తర్వాత కొన్నాళ్ళు అన్నాచెల్లెళ్ళ మధ్య ఫోన్లు లేవు.

సెంటరు సంగతి ఎలాగో జీవరాజు చెవిన పడింది. తనని ఎవరో ఎత్తుకుపోతారన్న భయం పట్టుకుంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అయ్యగారి ముందు మోకరించి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. అయ్యగారు తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఇంట్లో దాచిన సీసాలు జీవరాజు తనే తీసుకెళ్ళి కాలవలో పారబోశాడు. సువార్తమ్మకి ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

మర్నాటికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆ తర్వాతి రోజుకి చేతులు గ్లాసు పట్టుకోలేనంతగా వణికాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయని తుడవటం మొదలుపెట్టాడు. అక్కడ చీమలు లేవు. "దేవుడు శుద్ధి చేస్తున్నాడమ్మా, ఓర్చుకో," అన్నారు చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు. మధ్యాహ్నం పెరట్లో మొహం కడుక్కుంటూ బిగుసుకుపోయి కింద పడ్డాడు. నోట నురగ వచ్చింది.

పేటలో వైద్యం చేసే త్రిమూర్తులు పరిగెత్తుకొచ్చి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. ఆయన చదువుకున్న డాక్టరు కాదు, కానీ ఇలాంటివి చూసినవాడు.

"రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఇలాగే ఫిట్సొస్తాయి సువార్తమ్మా. నా చేతిలో లేదు. ప్రాణం మీదకొస్తది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపో. అక్కడ మందు మాన్పించే వార్డుంది, డాక్టర్లున్నారు."

నూటెనిమిదికి ఫోన్ చేశారు. అంబులెన్సులో భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు, మానెయ్యమని తను ఇన్నేళ్ళూ అరిచిన అరుపులు సువార్తమ్మకి గుర్తొచ్చాయి. మానడం కూడా చంపుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

జిల్లా ఆసుపత్రిలో మంచం దొరికింది. మందులు, ఇంజెక్షన్లు, భోజనం అన్నీ ఉచితమే. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పేరు తెల్లకోటు మీదే రాసి ఉంది. రెండు రోజులు సెలైను, నిద్ర మందులు పెట్టి గండం గడిపింది. మూడో రోజుకి జీవరాజు కళ్ళు తెరిచి, ఇదెక్కడని అడిగాడు.

అప్పుడు కౌన్సెలరు వీరదుర్గ సువార్తమ్మని వరండాలోకి పిలిచింది.

"ఇక్కడ ఫీజేం లేదండి. కానీ పేషంటుతో ఇంటి మనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి. రెండు మూడు వారాలు పడుతుంది. అది కుదరకే చాలామంది మధ్యలో తీసుకెళ్ళిపోతారు. మీకు కుదురుతుందాండి?"

సువార్తమ్మ లెక్క చూసుకుంది. ఆయా ఉద్యోగంలో అన్ని రోజుల సెలవు లేదు. వారం దాటితే జీతం పోతుంది, ఇంకా లాగితే తన చోట్లో వేరే మనిషిని పెడతారు. జీవరాజు సంపాదన ఎలాగూ ఆగిపోయింది. క్రిస్టినా హాస్టలు ఫీజు కట్టాలి. డబ్బు అడగని ఆసుపత్రి రోజులు అడుగుతోంది. అవి డబ్బు కంటే ప్రియంగా ఉన్నాయి.

కుదురుతుందని చెప్పి, మెట్ల మీద కూర్చుని అన్నకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆ రోజు డబ్బు కడతానన్నావు కదా. డబ్బొద్దు. వారంలో సగం రోజులు నువ్వొచ్చి ఆయన దగ్గర కూర్చో. మిగతా సగం నేనుంటాను."

"నేనా? బావ దగ్గరా?"

"ఆయ్. నీకు లీవులున్నాయి కదా."

ఎజ్రాకి డబ్బు ఇవ్వడమే తేలిక. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా గురువారం బైబిలు, దుప్పటి, ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. మొదటి రోజంతా మంచం పక్క స్టూలు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. జీవరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండో రోజు జీవరాజుకి బాత్రూముకి వెళ్ళేటప్పుడు కాళ్ళు తూలాయి. ఎజ్రా చంకలో చెయ్యి వేసి నడిపించాడు, లుంగీ ముడి కూడా తనే బిగించాడు. తిరిగొచ్చి పడుకున్నాక జీవరాజు అన్నాడు:

"బావా, నన్ను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని మాట్లాడావంట."

ఎజ్రా పేపరు మడిచాడు.

"మాట్లాడాను. నీ మంచికే అనుకున్నాను."

"నా మొహం చూసి చెప్పుంటే వచ్చేవాణ్ణేమో."

"వచ్చేవాడివి కాదు."

జీవరాజు "నిజమేలే," అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు గానీ, ఆ మధ్యాహ్నం ఒకే బత్తాయి చెరి సగం తిన్నారు.

ఇంటికి వచ్చాక మాత్రలు వాడుతూ, నెలకోసారి ఆసుపత్రికి వెళ్తూ జీవరాజు మూడు నెలలు బాగానే ఉన్నాడు. చంద్రరావు గారు మళ్ళీ పనిలోకి పిలిచారు. రొయ్యలు పట్టిన రోజు కొనుగోలుదారులు గట్టు మీద విందు పెట్టారు. అక్కడ ఎవరో గ్లాసు చేతికిస్తే జీవరాజు కాదనలేదు. ఆ గ్లాసుతో మొదలై వారం రోజులు తాగాడు. పేటలో అందరూ అనుకున్నదే అన్నారు. క్రిస్టినా ఫోన్లో, "నువ్వింకా ఎందుకమ్మా ఈ పాట్లు పడతావు?" అని అరిచింది. అప్పటికే అంగన్‌వాడీ సూపర్‌వైజరు సువార్తమ్మని ఒకసారి హెచ్చరించి ఉంది. ఇంకోసారి రోజులు అడగడం ఆమె వల్ల కాదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే జీవరాజు తలకి నీళ్ళు పోసుకుని, సంచీలో రెండు లుంగీలు పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి.

"మళ్ళీ చేరతాను. ఈసారి ఇంట్లో ఆపను, అక్కడే ఆపుతాను. బావకి ఫోన్ చేశాను, బస్టాండులో ఉంటానన్నాడు, ఆసుపత్రిలో కూడా తనే ఉంటాడంట. నువ్వు పనిలోకెళ్ళు."

సువార్తమ్మ పొయ్యి కట్టేసి, ఆయన్ని బస్సెక్కించి, అక్కణ్ణుంచే అంగన్‌వాడీకి వెళ్ళింది. ఆ రోజు పిల్లలకి పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

రెండోసారి వార్డులో ఉన్నప్పుడే, ఇక చెరువుల మీదకి వెళ్ళనని జీవరాజు నిర్ణయించుకున్నాడు. వీరదుర్గ చెప్పిందని కాదు, గట్టు మీద తను ఎవరికీ కాదనలేడని తేలిపోయింది కాబట్టి. చంద్రరావు గారికి కోపం వచ్చింది, కొన్నాళ్ళు పలకరించలేదు. సువార్తమ్మ గొలుసు కుదువపెట్టి, మొగల్తూరు బజార్లో చిన్న గది అద్దెకి తీసుకుంది. అందులో జీవరాజు కాలిపోయిన మోటార్లకి కొత్త రాగి తీగతో వైండింగ్ చుడుతున్నాడు. చెరువుల మీద వచ్చినంత రాదు. పాడైన మోటార్లు రైతులే ఆటోలో వేసుకుని తేవాలి. మొదట్లో సణిగారు, ఇప్పుడు తెస్తున్నారు. చీకటి పడేలోపు షట్టరు దించేస్తాడు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. మానేశాడని సువార్తమ్మ ఎవరితోనూ అనదు. "ఈమధ్య తాగట్లేదండి," అంటుంది, ఎవరైనా అడిగితే. గొలుసు ఇంకా విడిపించలేదు. ఎజ్రా నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడు బావా బావమరుదులు వైండింగ్ షాపు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతారు. పోయిన నెల క్రిస్టినా వచ్చినప్పుడు, హాస్టల్లో పాడైపోయిన మిక్సీ ఒకటి సంచీలో తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన మూత విప్పి చూస్తూ, కార్బన్లు అరిగిపోయాయన్నాడు. ఎంతసేపు పడుతుందని ఆమె అడిగింది. కూర్చుంటే ఇప్పుడే చేసిస్తానన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.